నీరు పల్లమెరుగు

నాది ఏడో అంతస్తు.
ఎనిమిదిలో ఝుజునా.
మధ్యలో జానెడు కాంక్రీటు,
దానికో బీట.

త్బిలిసీ చివర, గ్ల్దానీ బ్లాకుల్లో
లిఫ్టు కూడా ఊరికే ఎక్కించుకోదు,
డబ్బాలో నాణెం పడితేనే కదులుతుంది.
ఏప్రిల్లో ఆమె మట్టి మోసింది.
బకెట్టుకో నాణెం. పద్నాలుగు బకెట్లు.
పదిహేనోదానికి చిల్లర లేక
నా తలుపు కొట్టింది.
ఇరవై తేత్రీలు ఇచ్చాను.
నా నెత్తిన పడబోయే బురదకి
నేనే కిరాయి కట్టానని అప్పుడు తెలీదు.

పెయింటు డబ్బాల్లో టార్రగాన్,
కూతురికి స్నానం పోసిన ఎనామిల్ తొట్టిలో టమాటా,
చచ్చిపోయిన వాషింగ్ మెషీన్ డ్రమ్ములో దోస.
"దీనికి పుట్టుకతోనే వెయ్యి చిల్లులు,
కుండీకి ఇంతకన్నా ఏం కావాలి?" అంది.
కింద కాపురమున్నవాణ్ణి
ఎవరూ అడగలేదు.

ముప్పయ్యేళ్ళు మినీబస్సు నడిపాను.
నాకు మిగిలిన సోకల్లా తెల్లచొక్కాలే.
పొద్దున్నే ఆరింటికి మొదటి చుక్క కమ్మీ మీద,
రెండోది తాడు మీద,
మూడోది కాలరు మీద.
నీరు పల్లమెరుగుతుంది, సరే.
ఆ పల్లం నా మెడ దగ్గరుంటుందని
దానికెవరు చెప్పారు?
లోకమంతా పైవాడి దయతో బతుకుతుంది,
నేను పైనున్నావిడ దయతో
రోజుకి రెండుసార్లు చొక్కా ఉతుక్కుంటాను.

రేడియేటర్ గొట్టం మీద
గరిటెతో మూడు దెబ్బలు కొట్టాను.
పైనుంచి నాలుగొచ్చాయి.

జూన్‌లో దోసతీగ దిగింది నా గ్రిల్లులోకి,
అడక్కుండా,
నులితీగ మీసం మెలేసుకుంటూ.
బట్టల తాడుని పట్టుకుని
మూడు రోజుల్లో సొంతం చేసుకుంది.
నేను చొక్కాలు పక్కకి జరిపాను.
పువ్వు పూసింది.
పువ్వు వెనక చిటికెనవేలంత పిందె,
ఒళ్ళంతా నూగుతో.

వేరు ఆవిడది. గాలి నాది.
కాయ ఎవరిది?
ఆరో అంతస్తు గోచాని అడిగాను.
"బస్సెక్కినవాడు ఎక్కడ దిగితే అక్కడివాడే,
నీకు తెలీదా" అన్నాడు.
అయినా కొయ్యలేదు.
రోజూ వేళ్ళతో కొలిచి
ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చేవాణ్ణి.

జూలైలో ఒకరోజు చుక్క పడలేదు.
రెండో రోజూ పడలేదు.
చొక్కాలు తెల్లగా ఆరాయి,
ఆస్పత్రి దుప్పట్లలా.
మూడో రోజు తీగ చెవులు వాల్చేసింది.
గొట్టం మీద మూడు కొట్టాను.
నాలుగు రాలేదు.
ఇంకా గట్టిగా కొట్టాను.
"నిద్రపోనివ్వవా జౌరీ!" అని గోచా అరిచాడు.
మెట్లెక్కి వెళ్తే తాళం.

వంటింటి కొళాయికి గొట్టం తగిలించి,
స్టూలెక్కి, కమ్మీ పట్టుకుని,
గొట్టం మూతి బొటనవేలితో నొక్కి
ఆకాశం వైపు చిమ్మాను.
నీళ్ళని పైకి ఎక్కించడమంటే ఏమిటో
అరవై ఎనిమిదో ఏట తెలిసింది.
సగం నా మొహమ్మీదే.
మిగతా సగం పైకెళ్ళి, ఆకుల్ని తట్టి,
డ్రమ్ము వెయ్యి చిల్లుల్లోంచి
మళ్ళీ నా మీదికే.
రెండు పూటలా. నాలుగు రోజులు.
చొక్కా విప్పి పెట్టుకోవాలన్న ఆలోచన
ఒక్కసారీ రాలేదు.

ఆదివారం సాయంత్రం పైనుంచి కేక.
"ఎవడ్రా నా మొక్కల్ని ముంచింది?
టమాటాలన్నీ పగిలిపోయాయి!"
తల పైకెత్తాను.
బతూమీలో చెల్లెలింట్లో వారం ఉండొచ్చిన మొహం,
ముక్కు మీద తోలు ఊడుతూ.
"నాకేం తెలుసు, వానేమో" అన్నాను.
నెల్లాళ్ళుగా వాన లేదు.

కాసేపటికి తాడు కట్టిన బుట్ట
మెల్లగా, తిరుగుతూ, నా ముందుకి దిగింది.
పగుళ్ళ టమాటాలు ఏడు.
ఊదా తులసి ఓ గుప్పెడు.
అడుగున, మట్టి అంటుకుని,
ఇరవై తేత్రీలు.

దోసకాయ ఇంకా తాడుకే ఉంది,
ముదిరి, పసుప్పచ్చబడి.
అడిగితే విత్తనానికి ఉంచానని చెబుదామనుకున్నాను.
ఆమె వంగి చూసింది.
అడగలేదు.